బూడిదలో పోసిన వాగు

మన దేశంలో రెండు సరుకులకి ఎప్పుడూ కరువు లేదు: బొగ్గు తవ్వేసిన గొయ్యి, బొగ్గు కాల్చేసిన బూడిద. చాలాకాలం ఈ రెండూ వేర్వేరుగా పరువు తీశాయి. గొయ్యి విమానంలో వెళ్ళే పెద్దమనుషులకి కిటికీలోంచి కనబడేది. బూడిద గాలి తిరిగినప్పుడు ఆఫీసర్ల క్వార్టర్ల దాకా వచ్చి అద్దాల బల్లల మీద కూర్చునేది. ఇప్పుడు రెండు తలనొప్పులకీ కలిపి ఒకటే మందు దొరికింది. బూడిద తీసుకెళ్ళి గొయ్యిలో పోసేయడం! గొయ్యీ మాయం, బూడిదా మాయం, నివేదిక అట్ట మీద పచ్చగడ్డి. వాన అనేదొకటి కురుస్తుందనీ, కురిసిన నీళ్ళు దిగువకి పోతాయనీ, ఆ దిగువన ఒక వాగు ఉంటుందనీ మాత్రం ఆ మందుచీటీ మీద రాయడం మరిచిపోయారు.

నేనీ పథకానికి వ్యతిరేకిని కాను. ఇంత పొదుపైన పథకాన్ని కాదనడానికి నోరెలా వస్తుంది? దీని గొప్పదనం జనానికి సరిగ్గా అందడం లేదన్న బాధతోనే ఈ నాలుగు మాటలూ.

గొయ్యి నింపడం బొగ్గు నేలకి కొత్తేమీ కాదు. సింగరేణి బాయిలోకి దిగిన పాతతరం కార్మికుడెవరైనా స్టోయింగ్ సంగతి చెబుతాడు. పిల్లర్లు తీసేసిన చోట పైకప్పు కూలకుండా, మిగిలిపోయిన బొగ్గు రాజుకోకుండా, ఇసుకని నీళ్ళలో కలిపి గొట్టాల్లోంచి కిందికి దించుతారు. ఖాళీకి అడ్డంగా తడికెలు కడతారు. ఇసుక తడికెల వెనక నిలబడిపోతుంది, నీళ్ళు సందుల్లోంచి కారి సంపులో చేరతాయి, పంపు వాటిని పైకి తోడి కాలువలోకి వదులుతుంది. తెల్లదొరల కాలంలోనే, 1939లో, దీనికోసం ఒక చట్టం చేసి, బొగ్గు మీద సుంకం వేసి, ఆ డబ్బుతో గనుల్లో ఇసుక నింపించారు. మరి ఇసుక ఎక్కడిది? ఝరియా, రాణిగంజ్ గనులకి దామోదర్ నదిది. సింగరేణి బాయిలకి గోదావరిది. ఇసుకంటే నది నీళ్ళని వడగట్టే పొర. ఆ పొరని ఎత్తి బాయిలో పోశాం, బాయిలో మురిగిన నీళ్ళని ఆ పొర పోగొట్టుకున్న నదికే తిరిగి పంపాం. ఇచ్చిపుచ్చుకోవడంలో ఇంత నిక్కచ్చితనం వియ్యంకుల మధ్య కూడా చూడం.

అయినా అది చిన్నకాలం, చిన్న గొయ్యి, చిన్న పాపం. తర్వాత ఓపెన్ కాస్టులొచ్చాయి. ఇవాళ సింగరేణి బొగ్గులో సింహభాగం వాటిదే. టన్ను బొగ్గు కోసం అయిదారు ఘనపు మీటర్ల మట్టీ రాయీ లేపాలి. దాన్ని గని మీద ఓబీ అంటారు. మొదట్లో గొయ్యిలో చోటుండదు కాబట్టి ఆ ఓబీని పక్కన పోస్తారు, అది గుట్టగా లేస్తుంది. తవ్వకం ముందుకి జరిగాక బొగ్గు తీసేసిన వెనక భాగంలో కొంత ఓబీని తిరిగి నింపుతారు. లేపిన రాయి పొంగుతుంది, ఉన్నప్పటికన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. ఇంతా చేసి గని మూసే రోజుకి తేలే దృశ్యం ఏమిటంటే, ఇటు పక్క తాటిచెట్లని మింగేసే గుట్ట, దాన్ని ఆనుకుని అటు పక్క చూస్తే కళ్ళు తిరిగే గొయ్యి.

బడికెళ్ళే పిల్లాణ్ణి తీసుకొచ్చి నిలబెడితే ఆ గుట్టని ఈ గోతిలోకి తోసేయమంటాడు. వాడికి లెక్కలు రావు. గుట్టని మళ్ళీ ఎత్తి పోయాలంటే డంపర్లు నడవాలి, డీజిలు కాలాలి, ఆ ఖర్చంతా కంపెనీ పద్దులోనే పడాలి. బూడిద అలా కాదు. దాన్ని వదిలించుకోవాల్సిన తొందర కరెంటు తయారుచేసేవాడిది. అందుకని కళ్ళెదుట ఉన్న గుట్టని అలాగే ఉంచి, దాని నెత్తిన నాలుగు వేపమొక్కలు నాటి, దాన్ని పచ్చదనం కిందికి రాసేసుకుని, పక్కనే ఉన్న గొయ్యి కోసం ఊళ్ళు దాటించి బూడిద తెప్పించుకోవచ్చునని దారి చూపించారు. ఎంత దూరం నుంచి? 2009 నాటి నియమంలో 50 కిలోమీటర్లు: ఆ దూరంలో థర్మల్ కేంద్రం ఉంటే గని నింపే సరుకులో కనీసం 25 శాతం బూడిద కలపాల్సిందే. 2021 డిసెంబరు 31న, కొత్త సంవత్సరం కానుకగా, ఆ దూరాన్ని 300 కిలోమీటర్లు చేశారు. రామగుండం మీద సూదిముల్లు గుచ్చి 300 కిలోమీటర్ల గుండ్రం గీయండి. ఆసిఫాబాద్ నుంచి సత్తుపల్లి దాకా సింగరేణి మొత్తం దాని లోపలే ఉంటుంది. జైపూర్, పాల్వంచ, మణుగూరు థర్మల్ కేంద్రాల నుంచి గీసినా అంతే. ఇన్ని గుండ్రాల మధ్య ఏ గొయ్యీ తప్పించుకోలేదు.

ఇక్కడే ఈ పథకం అసలు ప్రతిభ కనబడుతుంది. 1996-97లో దేశంలోని థర్మల్ కేంద్రాలు ఏడాదికి 6.89 కోట్ల టన్నుల బూడిద తీశాయి, అందులో వాడుకలోకి వెళ్ళింది 9.63 శాతం. సిగ్గుచేటు! 2021-22కి వచ్చేసరికి బూడిద 27 కోట్ల టన్నులు దాటింది, వాడకం 95.95 శాతానికి ఎక్కింది. మన పిల్లలకి ఇలాంటి మార్కులొస్తే ఫ్లెక్సీలు కట్టిస్తాం. ఇందులో చాలా భాగం నికరమైన వాడకమే, కాదనను. సిమెంటు కంపెనీకి పోయింది సిమెంటయింది. బట్టీకి పోయింది ఇటుకయింది. రోడ్డు కింద పోసింది రోడ్డయింది. కానీ అదే జాబితాలో పల్లపు భూములు నింపడం ఉంది, గనులు నింపడం ఉంది. గొయ్యిలో పోసిన బూడిద ఏమయింది? బూడిదే అయింది. నిన్న బూడిద చెరువు కట్ట వెనక ఉన్న బూడిద వ్యర్థం, ఇవాళ గొయ్యి అడుగున ఉన్న అదే బూడిద వినియోగం. లారీ గేటు దాటడమే దానికి ప్రాయశ్చిత్తం.

పైగా వాడని బూడిదకి టన్నుకి 1000 రూపాయల జరిమానా ఉంది. మార్చి నెలాఖరు దగ్గరపడుతుంటే బూడిద పేరుకున్న ఏ మేనేజరైనా ఏం చేస్తాడు? సిమెంటువాడు నాణ్యత చూస్తాడు, సన్నటి పొడి బూడిదే కావాలంటాడు. ఇటుకలవాడు సీజను కాదంటాడు. గొయ్యి ఏమీ అనదు. తడిదైనా తీసుకుంటుంది, ముద్దదైనా మింగుతుంది. సరుకు తిప్పి పంపిన గొయ్యి ఇంతవరకూ లేదు.

చట్టం కూడా సాదరంగానే చూసింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల్లో ఒక చక్కటి చోటుంది. బూడిద, ఎర్రమడ్డి, ఫాస్ఫోజిప్సం, ఖనిజం వేరుచేశాక మిగిలే గని మడ్డి, ఇవన్నీ పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ ఉన్న వ్యర్థాలని ఒక గంపలో వేసి, ప్రమాదకరమైన వాటి జాబితా బయట పెట్టారు. పరిమాణం ఎక్కువని కాటా చెప్పింది, ప్రభావం తక్కువని గెజిట్ చెప్పింది. ఒక టన్ను ఉంటే పట్టుకుని శిక్షించదగ్గ దాన్ని కోటి టన్నులు చేస్తే మర్యాదగా విడిగా కూర్చోబెడతారన్నమాట. దొంగతనాల్లో కూడా మనకి ఇదే సంప్రదాయం కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

వాగు గెజిట్ చదవదు. దానికి తెలిసింది రసాయన శాస్త్రం ఒక్కటే, అదీ ఎవరూ నేర్పకుండానే. నేలలో ఉన్న రాయి గట్టి ముద్ద, నీళ్ళు దాని పగుళ్ళలోంచి దారి చూసుకుంటూ నెమ్మదిగా నడుస్తాయి. మందు పెట్టి పేల్చి, లేపి, తిరిగి గోతిలో పోసిన రాయిలో ప్రతి ముక్కకీ కొత్త ముఖాలు పుడతాయి. గాలీ నీరూ అన్ని ముఖాల్నీ నాకుతాయి. ఆ రాయిలో పైరైట్ ఉంటే, అంటే ఇనుమూ గంధకమూ కలిసిన పసుపుపచ్చని ఖనిజం, అది గాలీ నీరూ తగిలి గంధకామ్లం తయారుచేస్తుంది. ఆమ్లం ఊరుకోదు, మాంగనీసునీ అల్యూమినియాన్నీ నికెల్‌నీ కడిగి తెస్తుంది. ఇనుము మాత్రం వాగులోకొచ్చాక రాళ్ళ మీద నారింజరంగు మడ్డిగా పేరుకుంటుంది. పేల్చడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్‌లో పేలకుండా మిగిలింది నైట్రేటై కరుగుతుంది. ఇవన్నీ బూడిద పొయ్యకముందు సంగతులు.

బూడిద పోశాక కథ ఇంకా రంజుగా ఉంటుంది. చాలా బూడిదలకి సున్నపు గుణం ఉంటుంది కాబట్టి ఆమ్లానికి విరుగుడుగా పనికొస్తుందంటారు. నిజమే, పనికొస్తుంది. ఇనుమూ అల్యూమినియమూ చాలావరకు అణిగి కూర్చుంటాయి. అయితే ఆర్సెనిక్, సెలీనియం, మాలిబ్డినం అనే పెద్దమనుషుల స్వభావం వేరు, ఆమ్లం విరిగిన నీళ్ళలోనే వాళ్ళకి కాళ్ళొస్తాయి. బోరాన్‌కి ఏ నీళ్ళయినా ఒకటే, అందరికన్నా ముందు బయల్దేరుతుంది. ముందు తలుపుకి తాళం వేసి సంబరపడుతుంటే దొడ్డితలుపు తీసి ఉందన్నమాట.

మధ్యప్రదేశ్‌లో సింగ్రౌలి దగ్గర గోర్బీ అని మూసేసిన ఓపెన్ కాస్టు గని ఉంది. ఆ గోతిలో నిలిచిన నీళ్ళు పచ్చి ఆమ్లం. దేశంలోకెల్లా పెద్దదైన 4,760 మెగావాట్ల వింధ్యాచల్ థర్మల్ కేంద్రం తన బూడిదని నీళ్ళలో కలిపి గొట్టాల్లో ఆ గోతికే పంపుతోంది. ఒడిశాలో తాల్చేరు దగ్గర సౌత్ బలండా గొయ్యికి ఈ భాగ్యం అంతకుముందే పట్టింది. వీటికి కారణం లేకపోలేదు, అదీ చెప్పాలి. నేల మీద కట్టలు కట్టి నిలిపిన బూడిద చెరువులు తెగితే ఏమవుతుందో అదే సింగ్రౌలి చూసింది. 2020 ఏప్రిల్‌లో సాసన్ థర్మల్ కేంద్రం కట్ట తెగి మనుషులు బూడిదలో కొట్టుకుపోయారు. కట్ట మీద వేలాడే బూడిద కన్నా గోతిలో కూర్చున్న బూడిద నయమని ఎవరైనా అంటే తల ఊపుతాను. తల ఊపుతూనే ఒక చిన్న సందేహం అడుగుతాను. నీళ్ళున్న గోతిలోకి బూడిద కలిపిన నీళ్ళు పోస్తున్నారు కదా, లోపలున్న నీళ్ళు ఎక్కడికి వెళ్ళాలి? ఈ ప్రశ్న ఆర్కిమిడీస్ తొట్టిలో కూర్చున్నప్పుడే తేలిపోయిందనుకున్నాం.

సింగరేణి గురించి ఒక మాట విడిగా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. మన గోండ్వానా బొగ్గులో గంధకం తక్కువ, మామూలుగా ఒక శాతం లోపు. మేఘాలయ జయంతియా కొండల్లో గంధకం దండిగా ఉన్న బొగ్గు తవ్వి నదుల్ని ఆమ్లం చేసుకున్నట్టు ఇక్కడ జరగదు. ఎర్రవాగు, పుల్లవాగు అని ఊరేగించి చూపించడానికి మనకేమీ లేదు. ఇదే మన దురదృష్టం కూడా. నీళ్ళు నారింజరంగులోకి మారితే కనీసం టీవీవాళ్ళు వస్తారు. ఇక్కడి నీళ్ళు చూడటానికి మామూలుగానే ఉంటాయి. ఉప్పెక్కుతాయి, సల్ఫేటెక్కుతాయి, గిన్నెల అడుగున తెల్లగా పెచ్చు కడతాయి, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. పప్పు ఉడకడం లేదని ఫిర్యాదు రాసుకునే కాలమ్ ఏ కాలుష్య నియంత్రణ మండలి ఫారంలో ఉంటుంది?

ఫారం సంగతికొద్దాం. బొగ్గు గని బయటికి వదిలే నీళ్ళకి ఒక పరీక్ష ఉంది. పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. తేలే మట్టి లీటరుకి 100 మిల్లీగ్రాములు మించకూడదు. నూనె, జిడ్డు 10 మించకూడదు. బురద తేరడానికి ఒక తొట్టి, జిడ్డు పట్టడానికి ఒక తొట్టి కట్టుకుంటే సగటు గని ఈ పరీక్షలో ఏటా డిస్టింక్షన్‌లో పాసవుతుంది. ఎందుకవదు? సిలబస్‌లో ఎక్కువగా ఉన్నవి తొట్టి పట్టేవే. కరిగి ఉన్నది తొట్టిలో తేరదు, కంటికి కనబడదు, అడగని ప్రశ్నకి జవాబు రాసేంత వెర్రిది కాదు గని.

పోనీ, అన్ని పరిశ్రమలకీ కలిపి పెట్టిన పెద్ద జాబితా తీద్దాం. అందులో ఆర్సెనిక్ ఉంది. వాగులోకి వదిలే నీళ్ళలో లీటరుకి 0.2 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. తాగే నీళ్ళలో 0.01 మించకూడదు. అంటే గొట్టం చివర నీళ్ళకీ గ్లాసులో నీళ్ళకీ మధ్య 20 రెట్ల తేడా. ఆ తేడాని వాగు తన నీళ్ళు కలిపి పలచబరచాలని రాసినవాళ్ళ ఉద్దేశం. ఆలోచన ఇంగ్లండు నదులకి సరిపోతుంది. మన ముర్రేడుకీ, మోరంచవాగుకీ, రాళ్ళవాగుకీ చైత్రమాసంలో ఏం నీళ్ళుంటాయి? ఓపెన్ కాస్టుల దిగువన ఎండాకాలం పారే చాలా ఒర్రెల్లో ఉండేవి గని పంపు తోడి పోసిన నీళ్ళే. గని నీళ్ళలో గని నీళ్ళు కలిపి పలచబరచమని వాగుకి బాధ్యత అప్పగించాం.

సెలీనియం ఇంకా సొగసైనది. అమెరికాలో నార్త్ కరోలినాలో బెల్యూస్ అని ఒక చెరువుంది. 1970లలో పక్కనున్న థర్మల్ కేంద్రం బూడిద గుంటల నీళ్ళు అందులోకి వదిలారు. చెరువులో సెలీనియం లీటరుకి 10 మైక్రోగ్రాముల దరిదాపుల్లో తేలింది. చేపలు చూడటానికి బాగానే ఉన్నాయి, తిరిగాయి, మేశాయి, గుడ్లూ పెట్టాయి. పిల్లలే నిలవలేదు. ఉన్న 20 జాతుల చేపల్లో 19 ఆ చెరువులోంచి తుడిచిపెట్టుకుపోయాయి. మన దేశంలో వాగులోకి వదిలే నీళ్ళలో సెలీనియం ఎంతదాకా ఉండొచ్చు? లీటరుకి 50 మైక్రోగ్రాములు. అమెరికా చేపల కన్నా మన చేపలు గట్టివని ఈ అంకెతో తేలింది. మన కొర్రమీను మీద ప్రభుత్వానికి ఉన్నంత నమ్మకం మన మీద ఉంటే ఎంత బాగుండేది.

ఇక ప్రజాభిప్రాయ సేకరణ. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టులకి ఇది జరిగి తీరాలి. నివేదిక ఇంగ్లీషులో కొన్ని వందల పేజీలు ఉంటుంది, జనం కోసం సారాంశం తెలుగులో ఇస్తారు. సారాంశమంటే నివేదికలోంచి సందేహాలు తీసేయగా మిగిలిన భాగం. షామియానా వేస్తారు, పోలీసులొస్తారు, యూనియన్ నాయకులు ముందు వరసలో కూర్చుంటారు. ఇలాంటి సభలో వాగు గట్టు మీద రెండెకరాలున్న పెద్దమ్మ ఒకామె మైకు అందుకుందనుకోండి.

"సారూ, గొయ్యిల బూడిద నింపుతమంటున్నరు గదా, వానకాలం దాంట్ల దిగిన నీళ్ళు ఏడికి వోతయ్?"

"భూమిలోకి ఇంకుతాయమ్మా. దానివల్ల భూగర్భ జలాలు పెరుగుతాయి. మీకే లాభం."

"అంటే మా బోర్లకు వస్తయా?"

"రావమ్మా. అంత దూరం రావు."

"మరి లాభమెట్ల సారూ?"

"పెద్దమ్మా, ఇంకా చాలామంది మాట్లాడాలి. మైకు పక్కకివ్వండి."

సాయంత్రానికి మినిట్స్‌లో ఎక్కే వాక్యం ఇలా ఉంటుంది: భూగర్భ జలాల పెంపుదల గురించి ఒక మహిళ ఆసక్తి కనబరచగా, అధికారులు తగు వివరణ ఇచ్చారు.

ఆమె అడిగింది నిజానికి మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న. గని నడుస్తున్నన్నాళ్ళూ గొయ్యి పొడిగా ఉండాలి కాబట్టి పంపులు రాత్రింబవళ్ళు నీళ్ళు తోడతాయి. తోడిన నీళ్ళు గొట్టంలో వస్తాయి, తొట్టిలో తేరతాయి, పక్షానికోసారి ఎవరో వచ్చి సీసాలో పట్టుకెళ్తారు. ఇదంతా పద్ధతిగానే సాగుతుంది. నింపిన గొయ్యి కథ మొదలయ్యేది పంపు ఆపేశాక. తోడినన్నాళ్ళూ కిందికి దిగిన నీటిమట్టం మెల్లగా లేస్తుంది. ఏళ్ళు పడుతుంది. వదులుగా పోసిన ఓబీని, బూడిదని అడుగు నుంచి నానబెట్టుకుంటూ, వాటిలో కరిగేదంతా కరిగించుకుంటూ, తనకి వీలైన చోట బయటికొస్తుంది. వాగు గట్టున ఊటగా రావచ్చు, ఎవరి బావిలోనో రావచ్చు, పొలం మూల చౌడు మచ్చగానూ తేలవచ్చు. అక్కడ గొట్టం లేదు. గొట్టం లేదు కాబట్టి శాంపిల్ తీసే చోటు లేదు. శాంపిల్ లేదు కాబట్టి ఫలితం లేదు, ఫలితం లేదు కాబట్టి కాలుష్యమూ లేదు. అప్పటికి గని మేనేజరు రిటైరై హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుని ఉంటాడు. బూడిద పంపిన కేంద్రం తన 95 శాతం చూపించుకుని ఎప్పుడో షీల్డు తీసేసుకుని ఉంటుంది. వాగు పక్కనున్నవాడు మాత్రం ఎక్కడికీ వెళ్ళి ఉండడు.

గని మూసివేతకి డబ్బు దాచాలన్న నియమం ఉంది, లేదనుకోకండి. 2009లో బొగ్గు శాఖ ఓపెన్ కాస్టుకి హెక్టారుకి 6 లక్షలు, భూగర్భ గనికి హెక్టారుకి లక్ష అని లెక్కగట్టి బ్యాంకులో వేయమంది. హెక్టారు నేలకి రేటు కట్టగలిగారు. కిలోమీటరు వాగు రేటెంతో ఆ కాగితంలో వెతకండి, నాకు దొరకలేదు.

ఇదంతా ఎవరికీ తెలియని రహస్యమైతే క్షమించవచ్చు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2006లోనే దీని మీద ఒక లావుపాటి నివేదిక అచ్చేసింది. గనుల్లో బూడిద నింపొచ్చు అని అందులోనే ఉంది, మనవాళ్ళు ఆ వాక్యం దాకా చదివారు. ఆ తర్వాత ఉన్నవి: ఏ బూడిద ఎలాంటిదో ముందు తేల్చాలి, ఆ గొయ్యి భూగర్భ నీటి నడక ఎటో తెలుసుకోవాలి, నీళ్ళు తగలకుండా చూడాలి, నింపాక చుట్టూ బావులు తవ్వి ఏళ్ళతరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఇవి ఖర్చుతో కూడిన వాక్యాలు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా బొగ్గు గనుల ఓబీ గుట్టల్లోంచి సెలీనియం ఫోర్డింగ్ నదిలోకి దిగింది. 2012 నాటి ఆ నేరానికి 2021లో కోర్టు టెక్ కంపెనీ చేత 6 కోట్ల డాలర్లు కట్టించింది. తొమ్మిదేళ్ళు పట్టిందని అక్కడివాళ్ళు ముక్కు చీదుకున్నారు. మనమైతే ఆ వేగానికి చప్పట్లు కొట్టేవాళ్ళం.

అందుచేత వాగు తరఫున నాదొక ప్రతిపాదన. ఎలాగూ వినియోగం 2021-22కే 95.95 దాకా వచ్చింది. గొయ్యిలోంచి కరిగి వాగులోకి దిగే బోరాన్‌ని, సెలీనియాన్ని కూడా వినియోగం కిందే రాసుకోండి. చేప వాడుతోంది, వరి వాడుతోంది, బర్రె వాడుతోంది, పెద్దమ్మ బోరు వాడుతోంది. ఇంతమంది వాడకందార్లని లెక్కలోకి తీసుకోకపోవడం వాళ్ళని అవమానించడమే. శాతం వందకి చేరుతుంది, షీల్డు మరోటి వస్తుంది.

అది కుదరదంటే ఇంకో పని చేయండి, ఇది మరీ చవక. నింపే ప్రతి గోతికీ ఎగువన ఒకటి, దిగువన నాలుగు పరిశీలక బావులు తవ్వండి. తవ్వేది బూడిద పోయకముందు, పోశాక కాదు. ముందు నీళ్ళెలా ఉండేవో తెలియకపోతే తర్వాత "ఇక్కడి నీళ్ళు మొదట్నించీ ఇంతే" అనడం మీకు సులువవుతుంది, ఆ సులువు మీకు ఇవ్వదలుచుకోలేదు. పీహెచ్, మట్టి, జిడ్డు చూడండి, వద్దనం. వాటి పక్కనే సల్ఫేటు, నైట్రేటు, ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ కూడా చూడండి. ఎండాకాలం ఒకసారి, తొలకరి పడ్డ వారంలో ఒకసారి చూడండి, ఎందుకంటే ఏడాది పొడుగునా నానింది మొదటి వానకే కడుక్కుని వస్తుంది. పంపు ఆపేశాక కూడా చూడండి, అప్పుడే ఎక్కువ చూడండి. ఫలితాలు మీ వెబ్‌సైట్‌లో పదమూడో లింకు కింద పెట్టి, తెరవబోతే సర్వర్ పడుకుందని చెప్పొద్దు. ఊళ్ళో పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయించండి, తెలుగులో, వేలెడంత అక్షరాలతో, ఉండాల్సింది ఇంత, ఉన్నది ఇంత అని. గోడ ఖాళీగానే ఉంది. సున్నం ఖర్చు ఊరు పెట్టుకుంటుంది, రంగు డబ్బా కూడా.